పుంజు లేని గుడ్డు

మా ఇంట్లో కోళ్లు పెంచామంటే మా బంధువులు ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోవడమే అందరికీ మంచిది. మేము శెట్లం. బేతంచెర్లలో స్టేషన్‌కు పోయే రోడ్డు మీద మాకు కిరాణా అంగడి ఉంది. దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. ఏకాదశి నాడు ఉల్లిగడ్డ కూడా వంటింటి గడప తొక్కని ఇల్లు అది. ఆ నియమాలన్నీ మా అత్తవి. మా ఆయన ఊళ్లో ఎవరికైనా ఎదురు మాట్లాడతాడు కానీ, వాళ్లమ్మ కనుబొమ్మ లేస్తే మాత్రం నీళ్లు నములుతాడు.

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా టైఫాయిడ్ వచ్చింది. జ్వరమైతే పోయింది, బిడ్డ మాత్రం తేరుకోలేదు. చేతులు పుల్లల్లా అయిపోయాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బడికి పోయిన రోజులకన్నా పోని రోజులే ఎక్కువ. పప్పన్నం రెండు ముద్దలు తిని చాలనేది. పాలు తాగితే వాంతి. కర్నూలుకు తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించాం. ఆయన రక్తపరీక్ష కాగితాలు తిరగేసి, ఏం పెడుతున్నారని అడిగి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "రోజూ ఒక గుడ్డు పెట్టండమ్మా" అన్నాడు.

"మేము తినమండీ."

"మిమ్మల్ని తినమనలేదు. బిడ్డకు పెట్టమంటున్నాను. ఇట్లాగే ఉంటే మళ్లీ ఏ జ్వరం వచ్చినా తట్టుకోలేదు."

బస్సులో బేతంచెర్ల దాకా ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాకు భయమేసింది. డాక్టరు అన్నదానికి సగం, అది అత్తకు ఎట్లా చెప్పాలా అని సగం.

చెప్పింది మా ఆయనే. అత్త వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆయన చెప్తున్నంతసేపూ తల ఎత్తలేదు, చేతులూ ఆపలేదు. అంతా అయ్యాక పళ్లెం పక్కకు జరిపింది.

"బిడ్డ బతకల్ల గదా," అంది. "పెట్టండి. నా వంటింట్లో మాత్రం కాదు. పెరట్లో పొయ్యి పెట్టుకోండి. గిన్నె వేరే. అది ముట్టుకుంటే తలకు పోసుకోనే లోపలికి రావల్ల. ఈ సంగతి మాత్రం గోడ దాటగూడదు."

ఆమె అంత త్వరగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. ఒప్పించడానికి నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ మిగిలిపోయాయి.

తలకు పోసుకోవడం, గిన్నె వేరే పెట్టుకోవడం పెద్ద పనులు కావు. గోడ దాటగూడదన్నదే అసలు చిక్కు. ఊళ్లో సగం మంది మా అంగడికి వచ్చేవాళ్లే. మా ఆయన మబ్బుగా ఉన్న సాయంత్రం చూసుకుని, బస్టాండు దగ్గరికి పోయి, మెడలోని తువ్వాల మొహానికి చుట్టుకుని గుడ్లు కొన్నాడు. గుడ్లు కట్టిచ్చినాయన డబ్బులు తీసుకుంటూ, "ఏం శెట్టీ, మొగానికి గుడ్డ కట్టినావు, పన్నునొప్పా?" అని అడిగాడట. మర్నాడు పొద్దున అంగట్లో చక్కెర కట్టించుకుంటూ ఒకాయన, "ఏమప్పా, కొత్త సరుకు తెస్తాండావంట గదా" అన్నాడు. లోపల అత్త చేతిలో గరిటె చప్పుడు ఆగిపోవడం నాకు వినబడింది.

ఇంక బజారులో కొనేది లేదని తేలిపోయింది. అప్పుడు మా ఆయనకు ఒక ఉపాయం తట్టింది. వ్యాపారం చేసే మనిషి కదా, ఉపాయాలకేం కొదవ లేదు.

"కొంటేనే గదా నలుగురూ చూసేది. పెరట్లో ఒక కోడిని పెట్టుకుంటే ఎట్లుంటుంది? గుడ్డు ఇంట్లోనే పుడుతుంది, ఇంట్లోనే పోతుంది. ఎవరికీ తెలీదు."

నాకూ సబబుగానే తోచింది. గుడ్డు పెట్టిన పెట్ట వీధి చివరిదాకా వినబడేట్టు చాటింపు వేస్తుందని మా ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. తరతరాలుగా కోడి మొహం దగ్గరగా చూడనివాళ్లం మరి.

అత్త ఒకటే ప్రశ్న అడిగింది. "గుడ్డులో ప్రాణం ఉంటాదా, ఉండదా?"

మా ఆయన దానికీ జవాబు తయారుగా పెట్టుకున్నాడు. ఫోన్లో ఏవేవో చూసి వచ్చాడు. పుంజు కలవని పెట్ట పెట్టే గుడ్డులో ప్రాణం ఉండదు, ఎన్నాళ్లు పొదిగినా అది పిల్ల కాదు, చెట్టుకు కాయ కాసినట్టు కోడికి గుడ్డు కాస్తుంది, అంతే.

"అట్లయితే పుంజు నీడ గూడా ఈ పెరట్లో పడగూడదు" అంది అత్త.

కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే కదా అని నాకు లోపల నవ్వొచ్చింది. కానీ బిడ్డ నోట్లోకి రెండు ముద్దలు ఎక్కువ పోతాయంటే ఏ ఈకలైనా పీకడానికి నేను సిద్ధం.

మా పెరటి గోడకు అవతల ఒక సాయిబుల ఇల్లు. ఆ ఇంటాయన బండల లారీ తోలతాడు. ఆమె కోళ్లు పెంచుతుంది. వాటికో ఎర్ర పుంజు, మెడ సాచితే నా నడుము దాకా వచ్చేది. ఆమెను నేను ఆపా అని పిలుస్తాను, వాళ్ల మాటలో అక్క అని; ఆమె నన్ను శెట్టెమ్మా అంటుంది. రెండు పెట్టలు కావాలని అడిగాను.

"పుంజు వద్దా?"

"వద్దు ఆపా."

"గుడ్లు అమ్ముకుంటారా?"

"గుడ్లకు కాదు. పెరట్లో బండల కింద తేళ్లు ఎక్కువైనాయి. కోళ్లుంటే తింటాయంట గదా."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "తేళ్లకా. అట్లనే కానీలే" అని నల్లదాన్ని ఒకటి, గోధుమరంగుదాన్ని ఒకటి పట్టి కాళ్లు కట్టి ఇచ్చింది.

గూడు కట్టే పని మా ఆయన నెత్తికెత్తుకున్నాడు. మా ఊరివాళ్లకు కట్టడమంటే బండ తప్ప ఇంకో ఆలోచన రాదు. ఇంట్లో నేల బండ, పెరటి గోడ బండ, అరుగు బండ, చచ్చాక పైన పెట్టేదీ బండే. బండల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి అంగడికి వచ్చే ఒకాయన్ని అడిగితే పగిలిన ముక్కలు ఆటోలో పంపించాడు. కింద నున్నటి పాలిష్ బండ పరిచి, మూడు వైపులా బండలు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పి, ముందు ఇనుప జాలీ తలుపు పెట్టాడు. నాలుగో వైపు కట్టే పని లేకుండా గూటిని సరిగ్గా ఆపా వాళ్ల గోడకు ఆనించి కట్టాడు. ఒక గోడ ఖర్చు కలిసొచ్చిందని వారం రోజులు చెప్పుకున్నాడు. పగలు కోళ్లు పెరట్లో తిరగాలి, రాత్రి పిల్లికీ ముంగిసకూ చిక్కకుండా గూట్లో పడుకోవాలి, అదీ ఏర్పాటు.

ఆపా గోడ మీదినుంచి తొంగి చూసి, "కోళ్లకు పాలిష్ బండలా శెట్టెమ్మా? మా నడింట్లో గూడా మామూలు బండలే" అంది.

రెండు మూడు రోజులు అవి కొత్త చోటికి బెదిరి ఊరికే ఉన్నాయి. ఆ తర్వాత ఒక పొద్దున, అత్త తులసికోట దగ్గర నీళ్లు పోస్తుండగా నల్ల పెట్ట గూట్లోంచి బయటికొచ్చి, మెడ నిక్కించి మొదలుపెట్టింది. ఆ కేకలకు ఎదురింటివాళ్లు కూడా బయటికొచ్చారు. నేను దాన్ని అదిలించే కొద్దీ ఇంకా గట్టిగా అరిచింది. అత్త చెంబు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. గోడ అవతలినుంచి ఆపా గొంతు వినబడింది.

"తేలు దొరికినట్టుండాది శెట్టెమ్మా."

నాకు తల తీసేసినట్టయింది. అయితే ఆమె ఎవరికీ చెప్పలేదు. వీధికి చెప్పడానికి పెట్ట ఉండగా ఆమె ఎందుకు చెప్పాలి?

పెరట్లో మూడు రాళ్లు పెట్టి, వేరే గిన్నెలో గుడ్డు ఉడకబెట్టి, మిరియాలపొడి, ఉప్పు చల్లి పెట్టేదాన్ని. మొదటి రోజు మా అమ్మాయి ముక్కు మూసుకుని మింగింది. "దీంట్లో ఏముంటుందమ్మా?" అని అడిగింది. ఏమీ ఉండదు, అది కాయ లాంటిదే అని చెప్పాను. వాళ్ల నాయనా అదే చెప్పాడు. అత్త వసారాలో ఇటు వీపు పెట్టి కూర్చుని, "కాయే తల్లీ, తిను" అంది. పది రోజులకు ముక్కు మూసుకోవడం మానేసింది. నెల తిరిగేసరికి తనే అడిగి తినడం మొదలుపెట్టింది. బుగ్గలు నిండాయి. ఒకరోజు బడినుంచి వస్తూ గేటు దగ్గరినుంచి వసారా దాకా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ పరుగు చూసి నేను ఎంత సంతోషపడ్డానంటే, ఆ పూట తలకు పోసుకోకుండానే వంటింట్లోకి పోయాను. అత్త చూసి కూడా ఏమీ అనలేదు.

కోళ్ల పనంతా మా అమ్మాయే చేసేది. పొద్దున గూడు తలుపు తీయడం, అంగట్లో ఊడ్చిన నూకలూ జొన్నలూ చల్లడం, మట్టి మూకుడులో నీళ్లు పెట్టడం. రెండింటికీ పేర్లు కూడా పెట్టింది. గుడ్డు వెచ్చగా ఉండగానే తెచ్చి నా చేతిలో పెట్టేది.

చలి తగ్గే రోజుల్లో నల్ల పెట్ట ఉన్నట్టుండి గూట్లోంచి లేవడం మానేసింది. ఈకలన్నీ విప్పార్చుకుని మూలన కూర్చుంది. చెయ్యి పెడితే పొడిచింది. రోగమొచ్చిందనుకుని ఆపాను పిలిచాను.

"రోగం గాదు, పొదుగుకొచ్చింది" అంది ఆపా. "ఇంగ గుడ్డు పెట్టదు. లేపల్లంటే నీళ్లల్లో ముంచల్ల. మా యత్తయితే ముక్కులో ఈక గుచ్చేది."

ముక్కులో ఈక అనగానే మా అమ్మాయి ఏడుపు లంకించుకుంది. మా ఆయన, "కూచోనీలే. లోపల ఏమీ లేదు గదా, విసుగు పుట్టి అదే లేస్తుంది" అన్నాడు. గోధుమరంగుది గుడ్లు పెడుతూనే ఉంది కాబట్టి బిడ్డకు లోటేమీ లేదు. నల్లదాని కింద చూస్తే, మాకు కనబడకుండా మూలన దాచుకున్నవి కొన్ని గుడ్లున్నాయి. బండ మీద పెట్ట సరిగా కూర్చోలేదని ఆపా ఒక గంప తెచ్చి, అడుగున ఇసుక పోసి, పైన వరిగడ్డి పరిచి, గుడ్లు అందులో పేర్చింది. ఉరుములకు గుడ్డు మురిగిపోకుండా ఒక ఇనుపముక్క, ఒక బొగ్గు కూడా వేసింది.

"ఉత్త గుడ్లకు ఇంత మర్యాద ఎందుకు ఆపా?" అన్నాను.

"అవి ఉత్తవని దానికి తెలుసా శెట్టెమ్మా" అంది.

వారం దాటాక ఒక సాయంత్రం ఆపా మళ్లీ వచ్చింది. గంపలోంచి ఒక గుడ్డు తీసుకుని, నన్ను స్నానాలగదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. ఆ చీకట్లో ఫోన్ లైటు వేసి గుడ్డును దాని మీద నిలబెట్టింది. లోపలంతా ఎర్రటి నరాలు, సన్నగా, దారాలు పరిచినట్టు. వాటి మధ్య ఒక నల్లటి చుక్క కదులుతోంది.

"ఇదేంది ఆపా?"

"పిల్ల."

"పుంజు లేదు గదా."

"మీ ఆయన గూడు మా గోడకానించి కట్టినాడు గదా. మా పుంజు మా కట్టెల మోపు మీదికెక్కి, గోడెక్కి, ఆ కప్పు మీదికి దిగి, మీ పెరట్లోకి దుంకుతాది. మధ్యాన్నం మీరంతా పండుకోనుంటారు. మొదటి దినం నుంచీ వస్తానే ఉండాది."

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలేదు?"

"మీకు తేళ్లు గదా కావాల్సింది."

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, నిజం చెప్పకుండా కోడిని అడిగింది నేనే. మా ఆయన మీద మండింది. పుంజు నీడ పడకూడదని గూడు కట్టి, పుంజుకు మెట్లు కట్టిపెట్టాడు. ఆ మాట అంటే, "ఒక గోడ కలిసొచ్చింది గదా అనుకున్నా" అన్నాడు. అత్తకు చెప్పొద్దని, బిడ్డకు అసలే చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. పెట్ట కింది గుడ్లు ఆపాకు ఇచ్చేద్దామని నేనన్నాను. బిడ్డ బడికి పోయినప్పుడు ఇద్దాంలే అని ఆయనన్నాడు. ఇంటి గుట్టు దాచడంలో మాకెంత నేర్పుందో అప్పటికే ఒకసారి తేలింది. రేపు, ఎల్లుండి అంటూ ఉండగానే గడువు దాటిపోయింది.

ఒక ఆదివారం పొద్దున మా అమ్మాయి పెరట్లోంచి అరుస్తూ వచ్చింది. "అమ్మా, అవ్వా, గుడ్డు లోపల్నుంచి అరుస్తాంది!"

అందరం పోయాం. అత్త కూడా వచ్చింది. ఒక గుడ్డు పక్కన చిన్న పగులు. ఆ పగులులోంచి ఒక ముక్కు మొన బయటికొచ్చి, ఆగి, మళ్లీ పొడిచింది. చాలాసేపు పట్టింది. పెంకు రెండుగా విడిపోయాక తడి ఈకలతో పిల్ల ఒకటి గడ్డి మీద పడి, మెడ నిలబెట్టలేక వాలిపోయింది. మధ్యాహ్నానికి ఐదు పిల్లలయ్యాయి. ఎండకు ఈకలు ఆరి పువ్వుల్లా అయ్యాయి. ఒకటి గంప అంచు దాటి కింద పాలిష్ బండ మీద పడింది. లేవబోతే కాళ్లు రెండూ రెండు పక్కలకు జారిపోయాయి. మళ్లీ లేవబోయింది, మళ్లీ జారింది. సాయంత్రానికి దాని కాళ్లు అట్లాగే ఎడమై నిలిచిపోయాయి.

గోనెసంచులు పరిస్తే మిగతావాటికి కాళ్లు నిలబడతాయనీ, దీనికి మాత్రం రెండు కాళ్లూ దగ్గరికి చేర్చి దారం కట్టాలనీ ఆపా చెప్పింది. నేను కట్టబోతే దారం జారిపోయింది. మా ఆయన దగ్గరికే రాలేదు. అత్త ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని, మెత్తటి నూలు దారంతో మెల్లగా కట్టింది. ఆమె చేత్తో కోడిని ముట్టుకోవడం అదే మొదటిసారి. మా అమ్మాయి పక్కనే గొంతుకూర్చుని చూస్తోంది. అప్పుడడిగింది.

"అవ్వా, నేను తిన్నెవాటిల్లో గూడా ఇట్లనే ఉన్నిందా?"

మా ఆయన గొంతు సవరించుకుని పుంజు గురించి, గోడ గురించి ఏదో మొదలుపెట్టబోతే నేను కళ్లతోనే ఆపేశాను.

ఆ రోజునుంచి బిడ్డ గుడ్డు ముట్టలేదు. ఏడవలేదు, అలగలేదు, ఊరికే నోరు తెరవలేదు. దోసెపిండిలో కలిపి వేస్తే వాసన పట్టి లేచిపోయింది. మా ఆయన ఫారం గుడ్లు తెస్తానని, అక్కడ వేల పెట్టలున్నా ఒక్క పుంజు కూడా ఉండదని చెప్పాడు. ఇప్పుడు ఊరు చూస్తుందన్న సంకోచం కూడా వదిలేశాడు పాపం. "ముందు గూడా పుంజు లేదనే చెప్పినావు గదా నాయనా" అంది బిడ్డ. ఆయన దగ్గర దానికి ఉపాయం లేదు.

వేసవి వచ్చింది. మా ఊళ్లో ఎండలకు బండలు కాలి, పొద్దు వాలినా వేడి దిగదు. బిడ్డకు ఉన్న తిండి కూడా తగ్గిపోయింది. నిండిన బుగ్గలు మళ్లీ లోపలికి పోయాయి. ఒక రోజు తులసికోట దగ్గర కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. మళ్లీ జ్వరం తగిలింది. కర్నూలు డాక్టరు కొత్త కాగితాలూ పాత కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, "మళ్లీ మొదటికొచ్చారే" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు.

ఇంటికొచ్చిన సాయంత్రం అత్త బిడ్డ మంచం పక్కన కూర్చుంది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను.

"తల్లీ, తప్పేం లేదు. తిను. నువ్వు బాగుండల్ల గదా."

"తప్పు లేకపోతే నువ్వెందుకు తినవు అవ్వా?"

అత్త బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.

"నువ్వు తింటే నేను తింటా" అంది బిడ్డ. పంతంతో అన్న మాట కాదు. తెలుసుకోవాలని అడిగింది. ఇంట్లో అందరికన్నా తప్పొప్పులు తెలిసిన మనిషి వాళ్లవ్వే అని దానికి పుట్టినప్పటినుంచీ మేమే నేర్పాం.

అత్త లేచి పోయింది. ఆ పూట అన్నం తినలేదు. మా ఆయన రెండుసార్లు పలకరించబోయి వెనక్కి వచ్చాడు.

మర్నాడు పొద్దున నేను ఎప్పటిలాగే పెరట్లో పొయ్యి ముట్టించి ఒక గుడ్డు వేశాను. తినదని తెలిసినా వేయడం మానలేదు. అత్త స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని పెరట్లోకి వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోకి చూసింది.

"ఇంగోటి ఎయ్యి" అంది.

నేను ఆమె మొహం వైపు చూశాను. "సూస్తావేమి, ఎయ్యి" అంది.

బిడ్డను పిలిచి అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుంది. గుడ్డు ఒలవడం ఆమెకు చేతకాలేదు, పెంకుతో పాటు తెల్లది ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది. నేను ఒలిచిస్తానంటే ఇవ్వలేదు. ఉప్పు అద్దుకుని నోట్లో పెట్టుకుంది. బిడ్డ ఆమె నోటినే చూస్తోంది. డెబ్బై ఏళ్ల మనిషి, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ముట్టనిది, నమిలి, మింగింది. రెండో ముక్క, మూడో ముక్క. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

"బాగుండాదా అవ్వా?"

"బాగుండాది. తిను."

బిడ్డ తినింది. నేను పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నట్టు అటు తిరిగి ఏడ్చాను.

ఆ రోజు సందెవేళ అత్త దీపం పెట్టడానికి లేవలేదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ పూజగదిలో దీపం ఆమే పెట్టేది. ఒంట్లో బాగాలేనప్పుడు కూడా గోడ పట్టుకుని పోయి పెట్టేది, నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. ఆ సాయంత్రం గడప బయట గోడకానుకుని కూర్చుని, "నువ్వు పెట్టుమ్మే" అంది.

"బిడ్డ కోసం తిన్నావు గదా అత్తా. తలకు పోసుకున్నావు. రా లోపలికి."

"పెట్టు" అంది. పెట్టాను. వత్తి మరీ పైకి లాగానని బయటినుంచే చెప్పింది.

ఒక్క రోజుతో పోలేదు. అవ్వ పక్కన కూర్చుని తింటేనే బిడ్డ తినేది. అందుకని రోజూ రెండు గుడ్లు ఉడికేవి. అట్లా ఏడాదికి దగ్గర పడింది. బిడ్డ తేరుకుంది. ఎత్తు పెరిగింది, గొంతు పెరిగింది, నాకు ఎదురు చెప్పేంత బలమూ వచ్చింది. ఆకలి పుట్టి పప్పూ కూరా అన్నీ తినసాగింది. ఇంక గుడ్డు లేకపోయినా పరవాలేదని డాక్టరు అన్నాడు. కోళ్లనూ, పెరిగిన వాటి పిల్లలనూ ఆపాకు ఇచ్చేశాం. పెరట్లో పొయ్యి తీసేశాను.

ఇంక అంతా మునుపటిలా అవుతుందనుకున్నాను. అత్త పూజగదిలోకి పోలేదు. నాకు బాధేసింది. గుళ్లో అయ్యవారిని అడిగి వచ్చాను. పెద్ద కార్యమేమీ అక్కర్లేదు, ఇంట్లోనే చిన్న ప్రాయశ్చిత్తం చేయిస్తే సరిపోతుందని ఆయన చెప్పాడు. అది అత్తతో అన్నాను.

"ప్రాయశ్చిత్తం ఎవరు చేసుకుంటారు, తప్పు చేసినోళ్లే గదా" అంది. "తప్పు కాదని చెప్పి బిడ్డకు తినిపిచ్చినా. ఇప్పుడు అయ్యవారు వచ్చి కూచుంటే బిడ్డ సూడదా? యాలవ్వా అని అడగదా? ఏమని చెప్పల్ల?"

"అట్లయితే తప్పు కాదనే అనుకో. లోపలికి రా."

"బిడ్డకు తప్పు కాదు" అంది. "నాకెట్ల కాకుండా పోతాది?"

తర్వాత నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

బిడ్డ అడక్కుండా ఉంటుందా? అవ్వా, నువ్వెందుకు దేవుడి దగ్గరికి పోవడం లేదని ఒకరోజు అడగనే అడిగింది. మోకాళ్లు నొప్పి, కింద కూర్చోలేకపోతున్నా అని చెప్పింది అత్త. చింతపండు ఒలవడానికి గంటలకొద్దీ కిందే కూర్చునే మనిషి. బిడ్డ నమ్మింది. మర్నాడు అంగట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మోసుకొచ్చి, పూజగదిలో దేవుడి పటాల ఎదురుగా వేసి, కొంగుతో తుడిచినట్టు తన గౌను అంచుతో తుడిచి, "ఇంగ నువ్వు కింద కూచోబల్లేదు అవ్వా, రా" అని చెయ్యి పట్టుకుని లాగింది.

అత్త గడప దాకా వచ్చింది. అక్కడ ఆగి బిడ్డ తల నిమిరింది. "ఉండనీ తల్లీ, ఈడ గాలి బాగా వస్తాంది" అని గడప బయటే కూర్చుంది.

కుర్చీ తీయడానికి మా అమ్మాయి ఒప్పుకోలేదు. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గాక కూర్చుంటుందట. అది ఇప్పటికీ పూజగదిలోనే ఉంది. దాని మీద నేను దీపం నూనె సీసా పెట్టుకుంటున్నాను.